నాగార్జునకొండ: లాంచీ దిగాక దొరికే గంటలో ఏం చూడాలి, ఏది వదిలేయాలి

నాగార్జునకొండ దీవి మీద కనిపించే స్తూపాలు, విహారాలు ఏవీ మొదట అక్కడ కట్టినవి కావు. ఈ సంగతి తెలియకుండా లాంచీ ఎక్కితే పైన చూసేది సగం అర్థం కాదు. క్రీ.శ. 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకులకు రాజధానిగా ఉన్న విజయపురి కొండ మీద లేదు, కొండ కింద లోయలో ఉండేది. మూడు వైపులా నల్లమల కొండలు, నాలుగో వైపు కృష్ణ, నడుమ దాదాపు 23 చదరపు కిలోమీటర్ల పల్లం. 1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్ డ్యామ్‌కు శంకుస్థాపన చేసిన రోజే ఆ పల్లం మునగడం ఖాయమైపోయింది. నీళ్ళు రాకముందే 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో కేంద్ర పురావస్తు శాఖ లోయంతా తవ్వింది. వందకు పైగా చోట్ల దొరికిన కట్టడాల్లో ముఖ్యమైనవాటిని విప్పి, కొన్నిటిని కొండ నెత్తిన, కొన్నిటిని ఒడ్డున అనుపు దగ్గర తిరిగి కట్టింది. మిగిలినవాటిలో కొన్నిటికి నమూనాలు చేయించింది. తక్కినదంతా ఇప్పుడు మీ లాంచీ అడుగున ఉంది.

అందుకే ఇది ఒక చోటు కాదు, మూడు ముక్కలు: దీవి మీది మ్యూజియం, మ్యూజియం బయట తిరిగి కట్టిన కట్టడాలు, అనుపు. మ్యూజియం మొదటి తరగతి. బయటి కట్టడాలు ఫరవాలేదు, అదీ మ్యూజియం చూశాక అయితేనే. అనుపును చాలామంది అసలు చూడకుండానే వెనక్కి వచ్చేస్తారు. నిజానికి ఈ ప్రయాణంలో గిట్టుబాటయ్యేది అదే. ఇక లాంచీ ఏర్పాటు మొత్తం వ్యవహారంలో బలహీనమైన భాగం.

లాంచీ నుంచే మొదలుపెడదాం. ఆంధ్ర వైపు విజయపురి సౌత్ నుంచి, అంటే స్థానికులు రైట్ బ్యాంక్ అనే చోటి నుంచి, ఏపీ టూరిజం లాంచీలు ఉంటాయి. తెలంగాణ వైపు హిల్ కాలనీ నుంచి తెలంగాణ టూరిజం నడుపుతుంది. నీళ్ళ మీద ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. వేళల పట్టిక చూసి బయల్దేరితే చాలదు. తగినంత మంది పోగైతేనే లాంచీ కదులుతుంది. ఈదురుగాలి లేచినా, గేట్లెత్తి వరద వదులుతున్నా ఆపేస్తారు. 2019 సెప్టెంబర్‌లో గోదావరి మీద కచ్చులూరు దగ్గర జరిగిన ప్రమాదం తర్వాత బోట్ల మీద నిబంధనలు బిగిశాయి. లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కనివ్వరు. ఇదంతా మంచిదే కానీ, ప్రయాణికుడి లెక్కలో దాని అర్థం ఒకటే: బయల్దేరే రోజు పొద్దున్నే రేవుకు ఫోన్ చేసి, ఆ రోజు లాంచీ ఉందో లేదో కనుక్కోకుండా హైదరాబాద్ నుంచో గుంటూరు నుంచో 150 కిలోమీటర్లు రాకండి. దగ్గరి రైల్వే స్టేషన్ మాచర్ల. అక్కడి నుంచి పాతిక కిలోమీటర్ల లోపే. రెండు వైపులా లాంచీలు ఉంటాయి కాబట్టి ఒక ఒడ్డున లేదంటే రెండో ఒడ్డున అడగండి.

శుక్రవారం మ్యూజియానికి సెలవు. వారాంతం కలిసొస్తుందని గురువారం రాత్రి బయల్దేరేవాళ్ళు దెబ్బ తినేది ఇక్కడే. మ్యూజియం మూసి ఉన్నా లాంచీ తిరగొచ్చు, టికెట్ ఇవ్వనూ వచ్చు. తీరా పైకెక్కాక తలుపుకు తాళం ఉంటుంది.

లాంచీ టికెట్ వేరు, మ్యూజియం టికెట్ వేరు. దీవి మీద ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోకుండా చిల్లర డబ్బులు దగ్గర పెట్టుకోండి. నీళ్ళ సీసా తప్పనిసరి. తిండి సంగతి ఒడ్డునే చూసుకోండి; సాగర్ వచ్చి వేయించిన చేపలు తినకుండా వెళ్ళడం ఎలాగూ జరగదు కానీ, అది తిరిగొచ్చాక పెట్టుకుంటే మేలు.

సాధారణంగా లాంచీ దీవి దగ్గర గంటసేపే ఆగుతుంది. ఆ గంటలో రేవు నుంచి పైకి నడక పది నిమిషాలు, దిగడం పది నిమిషాలు పోతే మిగిలేది నలభై. చాలామంది ఈ నలభైలో తోటలో ఫొటోలకు పావుగంట, స్తూపం దగ్గర మరో పావుగంట ఖర్చుచేసి, మ్యూజియంలోకి పరుగుతో వెళ్ళి పరుగుతో బయటికొస్తారు. దాన్ని తిరగేయండి. దారిలో ఏదీ ఆగి చూడకుండా నేరుగా మ్యూజియానికి వెళ్ళి, బయటి కట్టడాలు దిగేటప్పుడు చూడండి. పొద్దున మొదటి లాంచీకి వెళ్తే, తర్వాతి లాంచీలో తిరిగి రావచ్చా అని టికెట్ ఇచ్చే చోటే అడగండి. ఒప్పుకుంటే అంతకంటే అదృష్టం లేదు. కానీ రేవులో అడిగి ఖాయం చేసుకోకుండా పైన ఉండిపోవద్దు. ఆఖరి లాంచీ దాటిపోతే దీవి మీద రాత్రి ఉండడానికి చోటు లేదు.

1966లో తెరిచిన మ్యూజియం భవనాన్ని బౌద్ధ విహారం పోలికలో కట్టారు. అది ఉన్నది మధ్యయుగపు కోట గోడల లోపల. మామూలు వరసలో హాళ్ళు తిరిగితే మునిగిన లోయ నమూనా చివర్లో వస్తుంది. అప్పటికి కాళ్ళు లాగుతుంటాయి, లాంచీ కూత గుర్తొస్తుంది, జనం దాన్ని ఓరచూపు చూసి వెళ్ళిపోతారు. మీరు ముందు దాని దగ్గరికే వెళ్ళండి. నది ఎటు, రాజప్రాసాదం ఎటు, మహాచైత్యం అనే పెద్ద స్తూపం ఎక్కడ, హారీతి గుడి ఏ గుట్ట మీద, మనం నిలబడ్డ కొండ ఏది అన్నవి ఐదు నిమిషాలు చూసి పెట్టుకుంటే తక్కిన హాళ్ళలో ప్రతి రాతికీ ఒక చిరునామా దొరుకుతుంది. లోయలో పాతరాతి పనిముట్ల నుంచి మధ్యయుగాల దాకా మనుషుల జాడ ఉంది. రాతి గొడ్డళ్ళు, కుండలు, పూసలు, సీసపు నాణేలు అద్దాల పెట్టెల్లో ఉంటాయి. వాటి మీద ఎక్కువసేపు పెట్టొద్దు. సమయం పెట్టాల్సింది శిల్పాల మీద.

ఇక్కడి రాయి పల్నాటి సున్నపురాయి, లేత ఆకుపచ్చ కలిసిన తెలుపు. ఉలికి మెత్తగా లొంగుతుంది, అందుకే గోటి మందం ముత్యాల పేర్లు కూడా చెక్కగలిగారు. కాస్త పక్క నుంచి, వెలుతురు ఏటవాలుగా పడేలా నిలబడి చూడండి. ఎదురుగా నిలబడితే లోతు తెలియదు. స్తూపానికి నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చే అరుగులను ఆయక వేదికలంటారు; వాటి మీద పరిచిన పొడవాటి దూలాల్లాంటి పలకలు ముఖ్యమైనవి. వాటి మీద కథ గళ్ళు గళ్ళుగా నడుస్తుంది. రెండు గళ్ళ మధ్య ఇరుకు చట్రంలో ఒక జంట నిలబడి ఉంటుంది. ఆ జంటకు కథతో సంబంధం లేదు, అది గీత కొట్టినట్టు విడదీయడానికే. ఇది తెలియక ప్రతి జంటనూ కథలో పాత్ర అనుకుని తికమక పడతారు.

వెతికి చూడాల్సినవి కొన్ని. బుద్ధుడి పుట్టుక దృశ్యంలో మాయాదేవి చెట్టుకొమ్మ పట్టుకుని నిలబడి ఉంటుంది. పక్కన దేవతలు ఒక పొడవాటి గుడ్డ పట్టుకుని ఉంటారు. గుడ్డలో బిడ్డ కనిపించడు. దగ్గరికి వంగి చూస్తే ఆ గుడ్డ మడతల మీద చిన్న చిన్న పాదముద్రలు కనిపిస్తాయి. అవే బిడ్డ. బుద్ధుణ్ణి మనిషి రూపంలో చూపకుండా గుర్తులతో చెప్పే పాత పద్ధతి అది. అదే హాల్లో అదే రాతిలో నిలువెత్తు బుద్ధ విగ్రహమూ ఉంటుంది, ఎడమ భుజం మీదుగా జారే చీవరం (భిక్షువు పైబట్ట) మడతలతో. రెండు పద్ధతులూ ఒకే లోయలో పక్కపక్కన నడిచాయన్నది పుస్తకంలో చదివినదానికంటే ఇక్కడ రెండడుగులు వేస్తే బాగా అర్థమవుతుంది.

నందుడి కథ కూడా చూడండి. కొత్త పెళ్ళాం మీద మనసుండి సన్యాసం ఒప్పని తమ్ముణ్ణి బుద్ధుడు స్వర్గానికి తీసుకుపోయి అప్సరసలను చూపిస్తాడు. దారిలో కనిపించిన కోతితో భార్య అందాన్ని పోల్చి అడుగుతాడు. ఆ కోతిని పలక మీద వెతకడం పిల్లలకు అప్పగించండి, వాళ్ళు మనకంటే ముందు పట్టుకుంటారు. శిబి, మాంధాత కథలూ ఇక్కడి శిల్పులకు ఇష్టమైనవే.

శాసనాలున్న స్తంభాలను చదవలేం కదా అని దాటిపోకండి. భాష ఎక్కువగా ప్రాకృతం, లిపి బ్రాహ్మి. అక్షరాల నిలువు గీతలు కిందికీ పైకీ తీగల్లా సాగి కొస దగ్గర వంపు తిరుగుతాయి. ఈ సాగదీత ఇక్ష్వాకుల శాసనాలకు ప్రత్యేకం. ఈ స్తంభాలు చెప్పే విషయం మరీ ఆసక్తికరం. మొదటి రాజు చాంతమూలుడు వైదిక యజ్ఞాలు చేసినవాడు, అశ్వమేధంతో సహా. బౌద్ధానికి డబ్బు పెట్టింది ఎక్కువగా అంతఃపుర స్త్రీలు. మహాచైత్యం పూర్తి చేయించింది చాంతమూలుడి సోదరి చాంతిసిరి, మేనల్లుడు వీరపురుషదత్తుడి 6వ పాలనా సంవత్సరంలో. ఆ వీరపురుషదత్తుడు మేనత్త కూతుళ్ళను పెళ్ళాడాడు. మేనరికం మన వైపు ఎంత పాతదో కావాలంటే ఈ స్తంభాలను సాక్ష్యానికి పిలవొచ్చు.

ఛాయాస్తంభాలు ఇంకో వరస. చనిపోయినవాళ్ళ గుర్తుగా నిలబెట్టినవి. ఒకదాని కింద ఒకటి గళ్ళలో వాళ్ళ బతుకు దృశ్యాలు. చాంతమూలుడి పేరు మీద ఆయన ఇంటి ఆడవాళ్ళు నిలబెట్టింది ఉంది. రాజులకే కాదు, సైనికులకూ చేతిపనివాళ్ళకూ నిలబెట్టారు. కారంపూడి వీరుల గుడిని ఎరిగిన పల్నాటి వాళ్ళకు ఈ అలవాటు కొత్తగా తోచదు. రాజప్రాసాదం ఉన్న చోట దొరికిన స్తంభాల మీద చొక్కా, పాంటు తొడుక్కున్న శక (మధ్య ఆసియా జాతి) సైనికుడు ఒకడు, కొమ్ము పాత్ర పట్టుకుని గడ్డంతో ఒంటి మీద సగం గుడ్డతో ఉన్న గ్రీకు పోలికల మనిషి ఒకడు కనిపిస్తారు. లోయలో రోమన్ బంగారు నాణేలు దొరికాయి, సింహళ భిక్షువుల కోసం విహారం కట్టారు. కృష్ణ గట్టున ఉన్న ఊరికి ఎంత దూరం నుంచి మనుషులు వచ్చారో అంచనా వేయడానికి ఇవి చాలు.

మ్యూజియంలో లోటేమిటంటే పలకల పక్కన రాసి ఉన్నది పేరు, కాలం, దొరికిన చోటుతో సరిపెడుతుంది. కథ చెప్పదు. అందువల్ల ఇంటి దగ్గరే పది జాతక కథలు, అంటే బుద్ధుడి పూర్వజన్మల కథలు, చదువుకుని వెళ్ళడం, లేదా రేవులో మంచి గైడ్‌ను మాట్లాడుకోవడం చేయాలి. గైడ్‌ను ఎంచుకునే ముందు "ఆయక స్తంభాలు ఐదెందుకు?" అని అడిగి చూడండి. పుట్టుక, ఇల్లు వదలడం, జ్ఞానోదయం, మొదటి బోధ, నిర్యాణం అని తడుముకోకుండా చెబితే మాట్లాడుకోండి. ఆచార్య నాగార్జునుడు ఇక్కడ ఇనుమును బంగారం చేశాడని మొదలుపెడితే వినడానికి సరదాగానే ఉంటుంది కానీ, మీ నలభై నిమిషాలు అక్కడే కరిగిపోతాయి.

బయటికొచ్చాక మహాచైత్యం. వ్యాసం 106 అడుగులు. చాలామందికి ఇది నిరాశే, ఎందుకంటే ఎత్తైన గుమ్మటం ఊహించుకుని వస్తారు. ఇక్కడ చూడాల్సింది ఎత్తు కాదు, పునాది ప్లాను. లోపల ఇటుక గోడలు నడిమి భాగం నుంచి చక్రపు చువ్వల్లా బయటికి సాగి బండిచక్రంలా ఉంటాయి. వాటి మధ్య గదుల్లో మట్టి దట్టించి పైన గుమ్మటం లేపారు. తక్కువ ఇటుకతో పెద్ద స్తూపం నిలబడడానికి ఆ కాలపు మేస్త్రీల ఉపాయం ఇది. ఉత్తరాది స్తూపాల్లో ఇది అరుదు, కృష్ణా లోయలో బాగా కనిపిస్తుంది. ఇంకో విషయం: ఈ పెద్ద స్తూపం చెక్కడాలు లేని సాదా స్తూపం, సున్నపు పూతతో. మీరు లోపల చూసిన శిల్పాలు లోయలోని వేరే స్తూపాలవి. ముందు మ్యూజియం చూడమన్నది ఇందుకే కూడా: అక్కడ పలకల మీద పూర్తి స్తూపాన్ని, ఆయక స్తంభాలతో, ద్వారం దగ్గర సింహాలతో, చిన్నదిగా చెక్కి ఉంచారు. ఆ బొమ్మ మనసులో పెట్టుకుని ఈ ఇటుక వలయం ముందు నిలబడితే లేనిదాన్ని పూరించుకోగలం.

1926లో ఈ లోయ సంగతి ముందు కనిపెట్టి చెప్పింది సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు. మద్రాసు శిలాశాసనాల శాఖ నుంచి ఎ. రంగస్వామి సరస్వతి వచ్చి చూశారు. తర్వాత పురావస్తు శాఖ అధికారి లాంగ్‌హర్స్ట్ 1927 నుంచి 1931 దాకా తవ్వినప్పుడు మహాచైత్యం గదుల్లో ఒకదానిలో పగిలిన కుండ, వెండి భరిణె, దానిలో చిన్న బంగారు భరిణె, అందులో ఎముక తునక దొరికాయి. ఆ ధాతువు ఇప్పుడు సారనాథ్‌లో మూలగంధకుటి విహారంలో ఉంది, కాబట్టి దీవి మీద వెతకొద్దు. అయినా నాగార్జునకొండ అదృష్టవంతురాలే. అమరావతి శిల్పాలు చూడాలంటే చెన్నై ఎగ్మోర్‌కూ, లండన్‌కూ తిరగాలి. ఇక్కడివి చాలావరకు ఇక్కడే ఉన్నాయి.

మహాచైత్యం కాక దగ్గర్లో స్వస్తిక ప్లానుతో కట్టిన స్తూపం, సింహళ విహారం, స్నానఘట్టం, రాళ్ళు పేర్చిన ఆదిమ సమాధి ఉన్నాయి. సమయం చిక్కితే సింహళ విహారం ఒక్కటి చూడండి. చైత్యగృహంలో (పూజామందిరంలో) నిలబడ్డ బుద్ధుణ్ణి చూస్తే పూజ స్తూపం నుంచి విగ్రహానికి మళ్ళిన తీరు తెలుస్తుంది. మిగతావి పరుగులో చూసేవి.

ఇప్పుడు అనుపు. విజయపురి సౌత్ నుంచి 8 కిలోమీటర్లు, రోడ్డు మీదే, లాంచీతో పని లేదు. ఆటో మాట్లాడుకుంటే రానుపోను కలిపి, అక్కడ గంట ఆగేలా మాట్లాడుకోండి. దింపి వెళ్ళిపోతే తిరిగి వచ్చే బండి దొరకదు. కొట్టూ నీడా తక్కువ. ఇక్కడ విహార సముదాయం, రంగస్థలం, హారీతి గుడి ఉన్నాయి. రంగస్థలమంటే నాలుగు వైపులా మెట్లు, మధ్యలో దీర్ఘచతురస్రంగా నేల. మన దేశంలో ఇలాంటి ప్రాచీన కట్టడం చాలా అరుదు. మధ్యలో ఒకరు నిలబడి మామూలు గొంతుతో మాట్లాడితే, పై మెట్టు మీద కూర్చున్నవాళ్ళకు ఎంత స్పష్టంగా వినిపిస్తుందో పరీక్షించి చూడండి. గాలి లేని పొద్దుటి పూట అయితే ఇంకా తేలిగ్గా తెలుస్తుంది. విహారంలో భిక్షువుల గదుల వరసలు, మండప స్తంభాల మొదళ్ళు మైదానంలో పరుచుకుని ఉన్నాయి. దీవి మీద కట్టడాలు ఇరుకుగా సర్దినట్టుంటాయి, అనుపులో మాత్రం ఒక విహారం ఎంత జాగా తీసుకునేదో కాళ్ళతో కొలవొచ్చు. హారీతి పిల్లలను కాపాడే దేవత. అసలు లోయలో కూడా రంగస్థలం ఆమె గుడి ఉన్న గుట్ట పక్కనే ఉండేది. తిరిగి కట్టినప్పుడు ఆ జోడీని విడదీయకపోవడం మెచ్చుకోవాల్సిన పని.

ఎండలో అనుపు రాళ్ళు పెనంలా కాలుతాయి. మార్చి నుంచి జూన్ దాకా వెళ్తే పొద్దున ఏడింటికి అనుపు ముగించి, ఆ తర్వాత మొదటి లాంచీకి రేవుకు రండి. నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకైతే క్రమం మార్చి, మధ్యాహ్నం లాంచీ దిగి, సాయంత్రపు ఏటవాలు వెలుతురులో అనుపు చూడొచ్చు. వానాకాలంలో గేట్లెత్తినప్పుడు జనం డ్యామ్ మీదికి విరగబడతారు, రోడ్డు కిక్కిరిసిపోతుంది, లాంచీ ఉంటుందన్న భరోసా లేదు. గేట్లు చూడాలంటే ఆ వారం రండి, మ్యూజియం చూడాలంటే రావద్దు.

తెలంగాణ వైపు హిల్ కాలనీలో 274 ఎకరాల్లో 2022 మే 14న తెరిచిన బుద్ధవనం ఉంది. అమరావతి మహాస్తూపం నమూనా, జాతక కథల శిల్పాలు, దేశదేశాల స్తూపాల చిన్న నమూనాలు, శ్రీలంకలోని అవుకన బుద్ధ విగ్రహానికి ఆ దేశమే ఇచ్చిన 27 అడుగుల ప్రతిరూపం. అన్నీ కొత్తవే, పాత రాయి వెతికేవాళ్ళకు కాదు. కానీ జాతక కథలు తెలియని పిల్లలతో వస్తుంటే ముందు రోజు సాయంత్రం ఇక్కడ తిప్పి, మర్నాడు దీవికి తీసుకెళ్ళండి. మ్యూజియం పలకల పక్కన లేని కథంతా ఇక్కడ ముందే చెప్పుకున్నట్టవుతుంది, నలభై నిమిషాల్లో పది నిమిషాలు మిగులుతాయి.